భయానికి ఎవరి ముఖం?

పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటి పిల్లలు రావిర్యాల దగ్గరున్న వండర్‌లాకు వెళ్ళి వచ్చారు. ఆ రాత్రి మారేడ్‌పల్లిలో మా డాబామీద వాళ్ళమధ్య పెద్ద వివాదం నడిచింది. ముందుకు పోయిన దారినే వెనక్కు, తలకిందులుగా లాక్కువచ్చే రోలర్ కోస్టరును వాళ్ళు అక్కడ ఎక్కారు. అది గొప్పదా, ఇంగ్లండులోనూ అమెరికాలోనూ దయ్యాలతో, రాక్షసులతో, రక్తంతో ముస్తాబుచేసిన రోలర్ కోస్టర్లు గొప్పవా అన్నది తగువు. ఆ విదేశాలవి వాళ్ళు ఎక్కినవి కావు, ఫోనులో చూసినవి. అయినా ఒకదానితో ఒకటి పోల్చి మార్కులు వేస్తున్నారు. చివరికి మా మనవరాలు నన్ను మధ్యవర్తిని చేసింది.

"తాతా, నువ్వు చెప్పు. పైనుంచి కిందికి పడేది ఎక్కువ భయమా, చీకట్ల దయ్యం మీదికొచ్చేది ఎక్కువ భయమా?"

అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. తీరికగా ఆలోచిస్తే, అది ఏది ఎక్కువ, ఏది తక్కువ అని తూచి తేల్చే ప్రశ్న కాదనిపించింది. పిల్ల అడిగిన ఆ రెండూ ఒకే జాతి భయాలు కావు. మొదటిదాన్ని గురించి నాకు పేచీలేదు. రెండోదాన్ని గురించి ఉంది.

వినోదాన్ని గూర్చి ఇంత తర్కం దేనికని కొందరు అనవచ్చు. ఒక సమాజం దేన్ని చూసి నవ్వుతుందో, దేన్ని చూసి కేకపెడుతుందో తెలుసుకోకుండా ఆ సమాజపు నీతిని గురించి మాట్లాడడం వ్యర్థమని నా అభిప్రాయం. టిక్కెట్టు కొనుక్కుని మరీ కేకపెట్టినప్పుడు అది మరింత పరిశీలించదగిన విషయం.

ముందు ఆ యంత్రం సంగతి చూద్దాం. రోలర్ కోస్టరును గొలుసు ఒక్కసారి పైకి లాగి వదిలిపెడుతుంది. ఆ తర్వాత మామూలుగా దానికి ఇంజను ఉండదు. తన బరువుతో తానే పడుతూ, ఆ పడిన వేగంతో తానే మళ్ళీ ఎక్కుతుంది. పడేటప్పుడు కూర్చున్న బల్ల మన కింద ఉన్నట్టే ఉండదు. కడుపులో పేగులు పైకి వచ్చినట్టు ఉంటుంది. అది భూమ్యాకర్షణ చేసే పని. అందులో అబద్ధం లేదు. కలెక్టరు కొడుకైనా, కూలివాడి కొడుకైనా పక్కపక్క సీట్లలో కూర్చుంటే ఒకే క్షణంలో ఒకేలా అరుస్తారు. ఆ సీటులో కూర్చోవడానికి టిక్కెట్టు కొనగల స్తోమత కావాలి గనుక సమానత్వం గేటు లోపలే మొదలవుతుందన్న మాటా నిజమే. అయినా ఆ భయం ఎవరినీ అవమానించదు. దానికి ఎవరి ముఖమూ లేదు.

1884లో అమెరికాలోని కోనీ ఐలండులో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన పెట్టిన స్విచ్‌బ్యాక్ రైలు ఈ జాతికి ముత్తాతల్లో ఒకటి. గంటకు ఆరు మైళ్ళ వేగం, అయిదు సెంట్ల టిక్కెట్టు. ఈనాడు మన సైకిలు అంతకంటే వేగంగా పోతుంది. అయినా జనం వరసలు కట్టారు. మూడేళ్ళకు, 1887లో, అదే థాంప్సన్ అట్లాంటిక్ సిటీలో బండి వెళ్ళే సొరంగంలో దృశ్యాలను అలంకరించి మరో రైలు పెట్టాడు. మనిషికి పడడం ఒక్కటే చాలదనీ, పడడానికొక కథ కూడా కావాలనీ వ్యాపారం ఆనాడే గ్రహించింది. ఆ కథను ఈనాడు 'థీమ్' అంటున్నారు. నేను వేషం అంటాను. వేషం వేయడం తప్పుకాదు. ఎవరి వేషం వేశామన్నదే ప్రశ్న.

మా పిల్లలు పోల్చిన వాటినే తీసుకుందాం. నేను వాటిని ఎక్కినవాణ్ణి కాను. చదివి, బొమ్మల్లో చూసి తెలుసుకున్నంతే నాకు తెలిసింది. నా పోలిక వేగానికీ ఎత్తుకూ సంబంధించింది కాదు గనుక అది చాలుననుకుంటాను.

ఇంగ్లండులో ఆల్టన్ టవర్స్ అనే ఉద్యానంలో 1994లో 'నెమిసిస్' వచ్చింది. చెట్ల తలలకు మించిన ఎత్తు కట్టడానికి అక్కడ అనుమతి లేదు. అందుచేత నేలను తవ్వి, రాతిగోతుల్లోనుంచి పట్టాలు నడిపారు. ఆ గోతిలో ఏదో లోకాంతర జంతువు చిక్కుకుని ఉందనీ, ఇనుపపట్టాలతో దాన్ని బంధించారనీ కథ. ఎర్రరంగు నీళ్ళు ధారలుగా పారుతుంటాయి. ఇది భయంకరమే. కాని ఆ జంతువు ఎవరిదీ కాదు. దానికి కులం లేదు, ఊరు లేదు. దాన్ని చూసి భయపడి ఇంటికి వెళ్ళినవాడు మర్నాడు బజారులో ఏ మనిషినీ చూసి జడుసుకోడు.

అమెరికాలోని ఆర్లాండోలో 2004లో 'రివెంజ్ ఆఫ్ ది మమ్మీ' వచ్చింది. చీకటిలో పోయే రోలర్ కోస్టరు అది. ఈజిప్టు శవం లేచి మన ప్రాణాలు తీస్తానంటుంది. నడుమ ఒకచోట ప్రయాణం అయిపోయిందని నమ్మించి, దిగబోయే సమయానికి మళ్ళీ మంటలు చూపించి పడదోస్తారు. పనితనం గొప్పదే. కాని శవాలకు ఈ పగ అంటగట్టింది ఎవరు? సమాధులు తవ్వినవాడు ఒకడు, లోపలి సొమ్ము పట్టుకుపోయినవాడు ఒకడు, శవాన్ని అమ్ముకున్నవాడు మరొకడు. చివరికి దుర్మార్గం మాత్రం తవ్వకానికి గురైన శవానిదట!

ఇందుకు సాక్ష్యం వెతుక్కుంటూ ఈజిప్టు వెళ్ళనక్కరలేదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో ఒక ఈజిప్టు పిల్ల పడుకుని ఉంది. ఆరవ నిజాం అల్లుడు కొని తెచ్చి ఏడవ నిజాంకు ఇస్తే, ఆయన ప్రదర్శనశాలకు ఇచ్చాడు. చిన్నప్పుడు మా నాన్న నన్ను అక్కడికి తీసుకుపోయినప్పుడు నేను భయపడతానని ఎదురుచూశాను. భయం వేయలేదు. అంత చిన్న శరీరం. మా అక్కంత ఉంది. "పాపం, ఏ తల్లి కన్న బిడ్డో, ఎక్కడికొచ్చి పడింది" అన్నాడు నాన్న. శవం అదే, ప్రదర్శనశాలలో అది జాలి పుట్టించింది, రోలర్ కోస్టరు మీద అసహ్యం పుట్టిస్తుంది. తేడా శవంలో లేదు, చూపించిన తీరులో ఉంది.

మూడోది మళ్ళీ ఆల్టన్ టవర్స్‌లోనే 2013లో వచ్చిన 'స్మైలర్'. పధ్నాలుగుసార్లు మనిషిని తలకిందులు చేసి ప్రపంచ రికార్డు సాధించింది. ఒక సంస్థ మనుషుల్ని పట్టుకుని, సూదులు పొడిచి, బుర్ర 'సరిదిద్ది', బలవంతాన నవ్విస్తుందని దాని కథ. ఇందులో కొంత వ్యంగ్యం లేకపోలేదు. నవ్వమని ఆజ్ఞాపించే ప్రభువులను మనం చూడనివాళ్ళం కాము. కాని సూదులు, చికిత్స, పిచ్చినవ్వు, తారుమారైన మనసు అనే ఈ సామగ్రి అంతా ఎక్కడినుంచి వచ్చింది? పిచ్చాసుపత్రి నుంచి. అక్కడి రోగి బాధను ఎరువు తెచ్చుకుని ఆటకు వాడుకున్నారు. 2016లో కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫామ్ అనే ఉద్యానం మానసిక చికిత్సాలయం కథతో ఒక భయానక ప్రదర్శన పెట్టింది. మనోవ్యాధులున్నవాళ్ళూ, వాళ్ళ కుటుంబాలూ, వాళ్ళ తరఫున పనిచేసేవాళ్ళూ అభ్యంతరం చెప్పారు. యాజమాన్యం ముందు పేరు మార్చింది. అది చాలక ప్రదర్శననే ఎత్తివేసింది. ఆ అభ్యంతరం చెప్పినవాళ్ళను రసజ్ఞత లేనివాళ్ళని వెక్కిరించినవారూ ఉన్నారు. ఆ వెక్కిరింత మనకు కొత్తకాదు. మన ఊళ్ళో ఎవణ్ణయినా తిట్టాలంటే "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలె" అంటాం. ఆ మాట విన్న ప్రతిసారీ, ఎర్రగడ్డ ఆసుపత్రిలో తమ్ముణ్ణో భార్యనో చూపించుకుని వచ్చేవాడు మన నవ్వులో కలవలేక తల వంచుకుంటాడు. అలా తల వంచుకున్నవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు.

నాలుగోది విదేశాలది కాదు, మనదే. ఎగ్జిబిషన్లలో, జాతరల్లో, రేకులతో గుడ్డలతో కట్టే భూత్ బంగళా. పట్టాలమీద చిన్న బండి ఉన్నా సరే, నడిచిపోయేదైనా సరే, లోపల తప్పకుండా ఉండే మనిషి ఒకటి ఉంటుంది. తెల్లచీర, విరబోసిన జుట్టు, బొట్టులేని ముఖం. ఒక్కక్షణం ఆలోచించండి. తెల్లచీర కట్టి, బొట్టు చెరిపి మన ఇళ్ళల్లో మూలన కూర్చోబెట్టింది ఎవరిని? దయ్యానికి మనం వేసింది మన మేనత్తల వేషం. వాళ్ళు బతికుండగా శుభకార్యాలకు ఎదురురాకుండా చూసుకున్నాం. వాళ్ళ ఆకారాన్ని టిక్కెట్టు కొనుక్కుని చూసి కేకలు పెడుతున్నాం. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ముసలివాళ్ళను కొట్టి చంపిన వార్తలు తెలంగాణ జిల్లాలనుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. భూత్ బంగళా చూసినవాడు వెళ్ళి హత్య చేస్తాడని నేను అనడంలేదు. అంత తేలిక లెక్క ప్రపంచంలో ఎక్కడా లేదు. రెండుచోట్లా ముఖం ఒకటే అంటున్నాను. అది యాదృచ్ఛికం కాదంటున్నాను.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఇతరులను విమర్శించే హక్కు నాకు లేదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు, 1967 ప్రాంతంలో, మా ఊళ్ళో వెలసిన ఒక ఎగ్జిబిషనులో భూత్ బంగళాకు నేనూ నా స్నేహితులిద్దరూ వెళ్ళాం. వాళ్ళముందు పిరికివాణ్ణి కాకూడదని నా పట్టుదల. చీకట్లో తెల్లచీర ఒకటి మీదికి వచ్చింది. నేను కళ్ళు మూసుకుని బలంకొద్దీ కాలితో తన్నాను. "అమ్మా" అని వినబడింది. దయ్యం కూలబడిపోయింది. చీర కింద నా ఈడు పిల్లవాడు, నిక్కరు తొడుక్కుని, ముఖానికి సున్నమో పౌడరో పూసుకుని ఉన్నాడు. మోకాలు పట్టుకుని, నావైపు చూసి, కోపంగా కూడా కాదు, విసుగ్గా అన్నాడు:

"జర మెల్లగ కొట్టరాదన్నా. రోజూ పదిమంది కొడ్తరు."

నా స్నేహితులు నవ్వారు. నేనూ నవ్వాను. బయటికి వచ్చాక ఆ నవ్వు నిలవలేదు. నేనేమీ దుర్మార్గుణ్ణి కాదు. పగటిపూట బజారులో ఆ పిల్లవాడు ఎదురై ఉంటే తన్ని ఉండేవాణ్ణి కాదు. తన్నడానికి నాకు అనుమతి ఇచ్చింది ఆ తెల్లచీర. దయ్యమనుకున్నాక మనిషిని తన్నవచ్చు. ఈ చిన్న సూత్రం ఆ రోజు నా కాలికి తెలిసింది; బుద్ధికి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మన ఆలంకారికులు ఈ విషయం ఎరగనివారు కారు. తొమ్మిది రసాల్లో భయానకాన్ని ఒకటిగా వారు ఒప్పుకున్నారు. భయం కళలో ఆనందమెలా ఇస్తుందని వివరించబోయి అభినవగుప్తుడు ఏ ఉదాహరణ తీసుకున్నాడు? రాక్షసుణ్ణి కాదు, శ్మశానాన్ని కాదు. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడి రథం ముందు మెడ తిప్పి వెనక్కు చూస్తూ పరుగెత్తే లేడిని తీసుకున్నాడు. అక్కడ భయం లేడిది. చూస్తున్న మనం వేటగాడి రథం పక్కన లేము. లేడి పక్కన ఉన్నాం. ఆ భయం నాది, నీది, వాడిది అన్న హద్దులు దాటి అందరిదీ అవుతుంది. దాన్నే వారు సాధారణీకరణం అన్నారు. గ్రీకుదేశంలో అరిస్టాటిలు విషాద నాటకాన్ని గురించి చెబుతూ భయాన్ని ఒంటరిగా వదలలేదు; జాలినీ భయాన్నీ జంటగా చెప్పాడు. దేశాలు వేరు, కాలాలు వేరు. అయినా ఇద్దరూ భయాన్ని కరుణ పక్కనే చూశారు.

రోలర్ కోస్టరుకు వేసే భయానక వేషంలో చాలాచోట్ల ఈ జంట విడిపోయింది. భయం నాకు, అసహ్యం ఎదుటివాడికి. శవానికి ఏమి జరిగిందని ఎవరూ అడగరు. పిచ్చివాడు ఎందుకలా అయ్యాడని ఎవరూ అడగరు. అడిగే వ్యవధి కూడా ఇవ్వరు; బండి రెండు నిమిషాల్లో అయిపోతుంది. లేడి స్థానంలో నేను కూర్చుని, నన్ను తరిమేవాడి స్థానంలో లోకంలో ఇప్పటికే తరమబడుతున్న వాణ్ణి నిలబెట్టడం దీని ఏర్పాటు.

దీనికి సమాధానంగా వచ్చే మాటలు నాకు తెలుసు. ఇది ఆట అనీ, అబద్ధమని అందరికీ తెలుసనీ అంటారు. పిల్లలకు కొంత భయం అలవాటు చేయడం మంచిదంటారు. పల్లెల్లో, బస్తీల్లో మన పెద్దలు చేసింది మాత్రం ఇది కాదా అంటారు. ఈ చివరి మాట పట్టించుకోదగినది.

సికిందరాబాదులో పుట్టి పెరిగినవాడికి పోతరాజును చూసి పరుగెత్తని బాల్యం ఉండదు. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి బోనాలకు ఒళ్ళంతా పసుపు, నడుముకు వేపాకు, చేతిలో కొరడాతో పోతరాజు డప్పుల మోతకు అడుగువేస్తూ వస్తుంటే మేము సందుల్లోకి పారిపోయేవాళ్ళం. ఆ కొరడా చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇదీ భయానకమే, ఇదీ వేషమే. కాని ఆ వేషం మా కళ్ళముందే వేసేవారు. ఆ పోతరాజు మా పక్కగల్లీ మనిషి. వాళ్ళ అమ్మ బిందెతో నీళ్ళు పట్టుకుని వెంట నడిచేది. మర్నాడు అతను మామూలు చొక్కా వేసుకుని కనిపిస్తే మేమే సిగ్గుపడి "అన్నా" అని పలకరించేవాళ్ళం. అతని కొరడాను అందరూ తాకాలని చూసేవారేగాని అతన్ని ఎవరూ తన్నలేదు. వేషం అతన్ని మాకంటే పైకెత్తింది. నేను తన్నిన పిల్లవాణ్ణి వేషం మాకంటే కిందికి దించింది. పోలిక చేయవలసింది ఇక్కడ.

అయితే బోనాలను ఆదర్శంగా చూపి చేతులు దులుపుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ జాతర వెనక నిజమైన భయం ఒకటి ఉంది. సురిటి అప్పయ్య అనే డోలీ మోసే మనిషి పటాలంతో 1813లో ఉజ్జయిని వెళ్ళినప్పుడు ఇక్కడ కలరా చెలరేగిందనీ, అది తగ్గితే అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని మొక్కుకుని, 1815లో తిరిగివచ్చి కొయ్యవిగ్రహం నిలిపాడనీ చెబుతారు. తనవాళ్ళు వందల మైళ్ళ దూరంలో చచ్చిపోతుంటే ఏమీ చేయలేని ఒక డోలీ బోయీ, ఆ భయానికి తల్లి ముఖం ఇచ్చుకున్నాడు. పొరుగువాడి ముఖం ఇవ్వలేదు. ఇది గుర్తుంచుకోదగ్గ విషయం. కాని కలరాకు నిజమైన ముఖం ఏదో తెలిసింది నీళ్ళను పరీక్షించినప్పుడే.

ఇదే ఊళ్ళో, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి, సూక్ష్మదర్శినిలో చూసి, మలేరియా పురుగును గుర్తించాడు. అంతవరకూ ఆ జ్వరం చెడుగాలి అనీ, చిత్తడినేలల ఆవిరి అనీ, గాలి సోకిందనీ అనుకునేవారు. ఆ దోమలకు తన రక్తం ఇచ్చినవాడు హుసేన్ ఖాన్ అనే రోగి. దోమకు ఒక అణా చొప్పున కూలి తీసుకున్నాడు. నా దృష్టిలో సికిందరాబాదు చూపిన గొప్ప ధైర్యం అది. భయానికి ముసుగు వేయడం కాదు, ఉన్న ముసుగు తీయడం.

వ్యాపారం వేసే వేషం దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తుంది. భయపడవలసినదాన్ని కప్పిపెట్టి, భయపడనక్కరలేనిదాన్ని చూపిస్తుంది. ఇది అలంకారం కోసం అంటున్న మాట కాదు. 1979 జూన్ 9న సిడ్నీలోని లూనా పార్కులో దయ్యాలరైలుకు నిప్పంటుకుని ఏడుగురు పోయారు. వారిలో ఆరుగురు పిల్లలు. 1984 మే 11న అమెరికాలో న్యూజెర్సీలోని గ్రేట్ అడ్వెంచర్ అనే ఉద్యానంలో 'హాంటెడ్ కాజిల్' కాలిపోయి ఎనమండుగురు యువతీయువకులు పోయారు. అందులో పొగను కనిపెట్టే సాధనాలు లేవు, మంట మీద నీళ్ళు చిమ్మే గొట్టాలు లేవు. చీకటి, పొగ, దారి తెలియని మలుపులు, కేకలు అమ్మకపు సరుకైన ఇంట్లో నిజమైన పొగనూ నిజమైన కేకనూ ఎవరు గుర్తుపట్టగలరు? దయ్యాల బొమ్మలు ఎవరికీ అపకారం చేయలేదు. గోడలు చేసింది, లేని గొట్టాలు చేసింది.

నేను పైన చెప్పిన స్మైలర్ మీద 2015 జూన్ 2న పదహారుమందితో పోతున్న బండి, పట్టాలమీద ఆగి ఉన్న ఖాళీ బండిని గుద్దింది. ఇద్దరు యువతులకు కాళ్ళు తీసివేయవలసి వచ్చింది. ఖాళీ బండి అక్కడ ఉందని తెలియని పనివాళ్ళు, యంత్రం తనంత తాను ఆపిన బండిని మళ్ళీ నడిపించారు. 2016లో కోర్టు నడిపే సంస్థకు అయిదు మిలియన్ పౌండ్లు, అనగా యాభై లక్షల పౌండ్ల జరిమానా వేసింది. తప్పు ఆ రోజు పనిలో ఉన్న మనుషులది కాదనీ, వారికి సరైన పద్ధతులు, పర్యవేక్షణ ఏర్పరచని సంస్థదనీ ప్రాసిక్యూషను వాదించింది. సూదులూ, పిచ్చినవ్వులూ, కాల్పనిక సంస్థ దుర్మార్గాలూ కోట్లు పెట్టి కట్టారు. నిజంగా భయపడవలసింది మాత్రం, ఎవరు ఎవరికి ఏం చెప్పి బండి వదలాలో తేల్చని పని ఏర్పాటు. దానికి భయానక సంగీతం లేదు.

మన నుమాయిష్ 1938లో ఆ పబ్లిక్ గార్డెన్స్‌లోనే మొదలై, 1946లో నాంపల్లికి మారింది. 2019 జనవరి 30 రాత్రి అక్కడ నిప్పంటుకుని దుకాణాల వరసలకు వరసలు కాలిపోయాయి. అదృష్టవశాత్తు ప్రాణాలు దక్కాయి. 2025 జనవరిలో అక్కడే ఒక ఆటయంత్రం నడుమ ఆగిపోయి, అందులోవాళ్ళు తలకిందులుగా చాలాసేపు వేలాడారు. ఆ క్షణంలో వాళ్ళకు కలిగిన భయానికి ఏ వేషమూ అక్కరలేకపోయింది.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్కుషాపులో ఫిట్టరు. చక్రాన్ని సుత్తితో తట్టి, మోత విని, పగులు ఉందో లేదో చెప్పేవాడు. మమ్మల్ని జెయింట్ వీల్ ఎక్కించేముందు దాని చుట్టూ ఒకసారి తిరిగివచ్చేవాడు. బోల్టులు చూసేవాడు, బ్రేకు దగ్గర నిలబడ్డ కుర్రవాణ్ణి "పొద్దున్నించి తిన్నవా బిడ్డా?" అని అడిగేవాడు. మాకు నామోషీగా ఉండేది. తొందరగా ఎక్కాలని మా ఆరాటం. ఆకలితో నిద్రలేక నిలబడ్డవాడి చేతిలో మా ప్రాణాలున్నాయని ఆయనకు తెలుసు. ఆ కుర్రవాడికీ ప్రాణముందని కూడా తెలుసు. ఈ రెండు ఎరుకలూ ఆయనకు ఒకటే. భయం, జాలి విడిపోకుండా ఉండడమంటే నేను చూసినంతలో అదే.

కాబట్టి భయానక వేషాలన్నిటినీ బహిష్కరించాలని నేను అనను. అట్లా అంటే లేడి భయమూ పోతుంది, పోతరాజూ పోతాడు. ఆ రాతిగోతి జంతువును చూసి పిల్లలు కేకపెడితే నాకు సంతోషమే. నేను అడిగేది మూడు ప్రశ్నలు. ఈ భయానికి ఎవరి ముఖం తొడిగారు? ఆ ముఖం కలవాడు ఇక్కడికి వచ్చి మన పక్కన కూర్చుని నవ్వగలడా? ఈ వేషం వెనక బోల్టు బిగించేవాడూ, బ్రేకు వేసేవాడూ, చీర కట్టుకుని చీకట్లో నిలబడేవాడూ మనకు కనిపిస్తున్నారా? వీటికి జవాబు చెప్పుకోగలిగితే తర్వాత ఎంత ఎత్తునుంచి పడినా పేచీలేదు.

మా మనవరాలికి ఇదంతా నా శక్తికొద్దీ చెప్పాను. పిల్లలు మన ఉపన్యాసాలు ఎంతవరకు వింటారో అంతవరకే విన్నది. చివరికి అడిగింది:

"అయితే జనవరిల నుమాయిష్‌కు పోతే జెయింట్ వీల్ ఎక్కుదమా, లేదా?"

"ఎక్కుదం. ముందు ఒకసారి చుట్టు తిరిగొద్దం."

"భూత్ బంగళా?"

కొంచెం ఆలోచించి అన్నాను: "అదీ పోదం బిడ్డా. కాని చేతులు కట్టుకొని పోదం. దయ్యం బయటికొచ్చి చాయ తాగే దాకా ఆగి, పేరు అడిగి వద్దం."